అమెరికా గడ్డిభూములు – ఒక రెవిన్యూ గుమాస్తా చూసిన చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా పంపవలసిందని కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన రెవిన్యూ గుమాస్తాను. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను చదివిన చరిత్ర అంతా అడంగళ్లలోనూ, దరఖాస్తు ఫైళ్లలోనూ ఉన్నదే. అయితే 2023 జూన్‌లో అమెరికాలో నాలుగు రోజులపాటు చూసిన కొన్ని ప్రదేశాలు నన్ను మళ్లీ ఆ ఫైళ్లలోకే లాక్కెళ్లాయి. అందుచేత సాహసించి రాస్తున్నాను.

మన సభ్యుల్లో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లి నయాగరా జలపాతమూ, స్వేచ్ఛా ప్రతిమా, వైట్ హౌసూ చూసి వచ్చినవారే. ఆ సంగతులు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మా అమ్మాయి వాళ్లుండేది నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా పట్టణం. అక్కడికి ఇవేవీ దగ్గర కావు. మా అల్లుడు ఒకనాటి సాయంత్రం, "మామయ్యగారూ, నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఈసారి అందరూ చూసేవి కాకుండా ప్రెయిరీ చూద్దాం" అన్నాడు. ప్రెయిరీ అంటే చెట్లు లేని గడ్డి మైదానం. మా ఇంటావిడ, "గడ్డి చూడటానికి ఇంత పెట్రోలు తగలెయ్యాలా నాయనా?" అంది. ఏ మాటకామాట, నాకూ అలాగే అనిపించింది.

మొదట చూసింది ఒమాహాకు దక్షిణంగా రెండు గంటల దూరం లోపలే ఉన్న బియాట్రిస్ అనే ఊరి దగ్గరి హోమ్‌స్టెడ్ జాతీయ చారిత్రక ఉద్యానం. ఉద్యానమంటే పూలమొక్కలు కావు. ఒక చట్టానికి కట్టిన స్మారకం అది. లోకంలో రాజులకూ, వీరులకూ స్మారకాలుంటాయి గాని భూమి పంపిణీ చట్టానికి స్మారకం కట్టడం నేను ఇంతకుముందు వినలేదు. లోపలికి వెళ్లి గోడలమీది రాతలు చదువుతూ రెండు గంటలు కదలలేదు. నాకు అది నా సెక్షనులో కూర్చున్నట్టే ఉంది.

ఆ చట్టం మీద అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1862 మే 20న సంతకం చేశాడు. 1863 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు గాని, కుటుంబ యజమాని గాని 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్లు ఆ భూమిలో కాపురముండి, ఇల్లు కట్టి, సేద్యం చేస్తే పట్టా ఇస్తారు. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. పెళ్లికాని స్త్రీలకూ, వితంతువులకూ అర్హత ఉంది. పౌరసత్వం తీసుకొంటామని ప్రకటించిన విదేశీయులకూ ఉంది. ఐదేళ్లు అయ్యాక ఇద్దరు ఇరుగుపొరుగువారు వచ్చి "ఇతను ఇక్కడే ఉంటున్నాడు, దున్నుతున్నాడు" అని సాక్ష్యం చెప్పాలి. మన దగ్గర బోర్డు స్టాండింగ్ ఆర్డర్స్ 15 ప్రకారం దరఖాస్తు పట్టాలు ఇచ్చిన మిత్రులకు ఈ వరస ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. తేడా అల్లా విస్తీర్ణంలో. మనం ఇచ్చింది మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదు.

మొదటి దరఖాస్తుదారుగా పేరు పొందినవాడు డేనియల్ ఫ్రీమన్. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. ఫ్రీమన్ సైన్యంలో ఉన్నాడనీ, తెల్లవారకముందే వెళ్లిపోవాలనీ, అందుకని బ్రౌన్‌విల్ భూమి కార్యాలయంలోని ఉద్యోగిని బతిమాలుకొని నూతన సంవత్సరం అర్ధరాత్రి దాటగానే ఆఫీసు తెరిపించి దరఖాస్తు నమోదు చేయించుకొన్నాడనీ చెప్పుకొంటారు. చరిత్రలో ఫ్రీమన్ పేరు నిలిచింది. చలిలో అర్ధరాత్రి తాళం తీసి రిజిస్టరు తెరిచిన ఆ గుమాస్తాను ఎవరు తలుచుకొంటారు? మనమైనా ఒకసారి తలుచుకొందాం.

అక్రమాలకూ కొదవలేదు. పశువుల కామందులు తమ కూలీల చేత నీటివసతి ఉన్న ముక్కలకు దరఖాస్తులు పెట్టించి బినామీగా దక్కించుకొన్నారు. ఇల్లు 12కు 14 ఉండాలన్నారు గాని అడుగులా అంగుళాలా అని రాయలేదనీ, కొందరు పిచ్చుకగూడంత బొమ్మరిల్లు చేసిపెట్టి ఇల్లు కట్టామని ప్రమాణం చేశారనీ ఒక కథ. నిజమో కాదో గాని, ఆ కథ పుట్టించినవాడు తప్పకుండా ఏదో ఒక భూమి ఆఫీసు మెట్లు ఎక్కినవాడే అయి ఉంటాడు. మొత్తం మీద ఆ చట్టం కింద సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. అమెరికా నేలలో పదోవంతు. 1976లో చట్టాన్ని రద్దు చేశారు. అలాస్కాలో మాత్రం మరో పదేళ్లు నడిచింది.

ఆ స్మారకం వెనక నూరు ఎకరాల దాకా గడ్డిభూమి ఉంది. దున్ని పాడైన నేలలో 1939 నుంచి మళ్లీ పాత గడ్డి జాతులను నాటి పెంచుతూ వచ్చారు. కొన్ని జాతులు వర్షాకాలం చివరికి మనిషి ఎత్తును మించుతాయట. వేళ్లు మూడు మీటర్ల లోతుకు కూడా పోతాయని బొమ్మ గీసి చూపించారు. పైన కనిపించేదానికన్నా కింద ఉన్నదే ఎక్కువ. ఈ వేళ్ల వలవంటి నేలను చీల్చడం కొయ్యనాగళ్ల తరం కాలేదు. 1837లో జాన్ డియర్ ఉక్కు నాగలి తయారుచేశాకే పని సుళువయింది. చెట్లు లేవు కనుక ఇళ్లకు కలప లేదు. వేళ్లతో సహా కోసిన మట్టిగడ్డలనే ఇటుకలుగా పేర్చి ఇళ్లు కట్టుకొన్నారు. వానకు పైకప్పునుంచి బురద కారేదట. కష్టం చేసిన జనమే. ఆ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది వాళ్లమీద నింద అనుకోకూడదు.

మరునాడు తెల్లవారుజామునే పడమటి దారి పట్టాం. ఒమాహా నుంచి దక్షిణ డకోటా రాష్ట్రంలోని వాల్ అనే ఊరికి సుమారు 750 కిలోమీటర్లు. దారి పొడుగునా రోడ్లు కొలబద్ద పెట్టి గీసినట్టుంటాయి. దానికి కారణం వాళ్ల సర్వే. 1785 నుంచి భూమిని మైలు చదరాలుగా కోశారు. ఒక చదరం 640 ఎకరాలు, దానిలో పావు 160 ఎకరాలు. కొండ అడ్డొచ్చినా వాగు అడ్డొచ్చినా గీత గీతే. మన గ్రామ పటాల్లో ఒక సర్వే నంబరు మామిడి టెంకలాగా, ఒకటి ఏనుగు తొండంలాగా ఉంటుంది. గొలుసు పట్టుకొని గట్లవెంట నడిచిన సర్వేయర్లు నేల ఎలా ఉంటే అలా గీశారు. వీళ్లు ముందు గీత గీసి తర్వాత నేలను చూశారు.

మిస్సోరీ నది దాటాక మొక్కజొన్న చేలు పలచబడ్డాయి. గడ్డి కురచదయింది. ఆకాశం పెద్దదయింది. అమెరికా పటంలో నడిమధ్య నిలువుగా వంద డిగ్రీల రేఖాంశం ఉంది. రమారమి దానికి తూర్పున ఏటా 20 అంగుళాలకు మించి వాన పడుతుంది, పడమట అంతకన్నా తక్కువ. మేము వెళ్తున్న బ్యాడ్‌లాండ్స్ ప్రాంతంలో సగటు వర్షం 16 అంగుళాలు, అంటే 400 మిల్లీమీటర్లు. మన అనంతపురం కన్నా తక్కువ! అందులోనూ ఎముకలు కొరికే శీతకాలం. అటువంటి చోట 160 ఎకరాలు దున్నుకొని బతకమంటే ఎలా?

ఈ ప్రశ్న అప్పుడే అడిగినవాడు ఒకడున్నాడు. జాన్ వెస్లీ పావెల్ అని, యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొన్న అధికారి. పడమటి భూములను సర్వే చేసి 1878లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఈ ఎండునేలలో 160 ఎకరాల లెక్క పనికిరాదు, నీటిని బట్టి హద్దులు పెట్టాలి, పశువుల మేతకైతే కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలి అని అందులో రాశాడు. ఆ నివేదికకు ఏ గతి పట్టి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? రైలు కంపెనీలకు భూములు అమ్ముడుపోవాలి, పట్టణాలు వెలియాలి. దున్నినకొద్దీ వానలు పెరుగుతాయని అప్పట్లో చదువుకొన్నవాళ్లే ప్రచారం చేశారు. తర్వాత 1909లో విస్తీర్ణాన్ని 320 ఎకరాలకూ, 1916లో పశుపోషణ భూములకు 640 ఎకరాలకూ పెంచారు గాని అప్పటికే చాలా నేల నాగలి కిందికి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమల ధర పెరిగేసరికి, ట్రాక్టర్లు వచ్చేసరికి, మిగిలిందీ దున్నారు.

1930లలో వరసగా కరువులు వచ్చాయి. వేళ్లు లేని నేల గాలికి లేచింది. 1934 మే నెలలో డకోటా, మోంటానా ప్రాంతాల మట్టి రెండువేల కిలోమీటర్లకు పైగా ఎగిరి న్యూయార్కు, వాషింగ్టన్ నగరాల మీద పడింది. సముద్రంలో ఓడల మీద కూడా పడిందట. 1935 ఏప్రిల్ 14న దక్షిణ మైదానాల్లో పట్టపగలు చీకటి చేసిన తుఫానుకు నల్ల ఆదివారమని పేరు. అదే నెలలో నేల సంరక్షణకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. పొలం పోయిన రైతులు సామాను బండికి కట్టుకొని వలసపోయారు.

అప్పుడు అమెరికా ప్రభుత్వం చేసిన పని ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. తాను 18 డాలర్ల రుసుముకు ఇచ్చిన భూములను తానే తిరిగి కొన్నది! సేద్యానికి పనికిరావని తేల్చిన భూములు, మొత్తం కోటి 13 లక్షల ఎకరాలు. 1937లో దీనికొక చట్టం కూడా చేశారు. కొన్న నేలలో మళ్లీ గడ్డి విత్తారు, చెరువులు తవ్వారు. 1954లో ఇందులో కొంత అటవీ శాఖకు అప్పగించారు. 1960లో వాటికి జాతీయ గడ్డిభూములని పేరు పెట్టారు. అటువంటివి 20 ఉన్నాయి, అన్నీ కలిపి దాదాపు 40 లక్షల ఎకరాలు. వాల్ ఊరి చుట్టూ ఉన్న బఫెలో గ్యాప్ జాతీయ గడ్డిభూమి ఒక్కటే సుమారు ఆరు లక్షల ఎకరాలు. ఊళ్లో దాని సందర్శకుల కేంద్రం ఉంది.

మన సర్వీసువాళ్ల కోసం ఇక్కడొక వివరం చెప్పాలి. జాతీయ ఉద్యానం వేరు, జాతీయ గడ్డిభూమి వేరు. శాఖలే వేరు. ఉద్యానాలు అంతర్గత వ్యవహారాల శాఖ కింద ఉంటాయి, మేతకు పశువులను సాధారణంగా తోలనివ్వరు. గడ్డిభూములు వ్యవసాయ శాఖలోని అటవీ విభాగం కింద ఉంటాయి. రుసుము కట్టి అనుమతి తీసుకొన్న రైతుల ఆవులు అక్కడ మేస్తాయి. మధ్యమధ్య సొంత పట్టా భూములూ ఉంటాయి. అప్పట్లో అమ్మనివాళ్లవి అలాగే మిగిలాయి. పటం చూస్తే పులిజూదం పలకలాగుంది. ఒకే గడ్డి, ఒకే గాలి, కంచెకు ఇటు ఒక శాఖ, అటు ఒక శాఖ. ఏ దేశమేగినా శాఖలు తప్పవు.

వాల్ ఊరిలో మరో విశేషం ఒక మందుల దుకాణం. 1931లో టెడ్ హస్టెడ్ అనే యువకుడు దాన్ని కొన్నాడు. చిన్న ఊరు, బేరాలు లేవు. 1936 వేసవిలో ఎండకు మాడి పోయే బాటసారులకు ఐసునీళ్లు ఉచితమని రోడ్డుపక్క పలకలు పెట్టించాలని అతని భార్యకు తోచింది. జనం ఆగడం మొదలుపెట్టారు. ఇప్పుడది ఒక వీధంత దుకాణం. మేమూ ఆ నీళ్లు తాగాం. మా ఇంటావిడ, "ఇది మన చలివేంద్రమే కదండీ, దీనికింత గొప్పేముంది?" అంది. గొప్పేమీ లేదు. కాని అమెరికాలో ఊరికే ఇచ్చిన వస్తువు నేను చూసింది అదొక్కటే. పట్టాల సంగతి వేరు.

మూడోరోజు బ్యాడ్‌లాండ్స్ జాతీయ ఉద్యానం. ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు. అరవై రెండేళ్లు దాటినవారికి రాయితీ పాసు ఉంది గాని అది అక్కడి పౌరులకూ, శాశ్వత నివాసులకూ మాత్రమేనట. వయోవృద్ధుల రాయితీ కోసం నేను ఆధార్ కార్డు తీయబోతే మా మనవడు నవ్వాడు. విస్తీర్ణం సుమారు 2,44,000 ఎకరాలు. 1939లో జాతీయ స్మారకమయింది, 1978లో జాతీయ ఉద్యానమయింది. మైదానం మధ్యలో నేల హఠాత్తుగా విరిగిపడి, బూడిదరంగూ గులాబీరంగూ చారలతో మట్టి శిఖరాలు లేచి ఉంటాయి. ఏటా ఒక అంగుళం చొప్పున కరిగిపోతున్నాయట. ఇక్కడి మూలవాసులైన లకోటా ప్రజలు దీన్ని మాకో షీచా, అంటే చెడ్డ నేల అన్నారు. ఆ మాటకే ఇంగ్లీషు పేరు.

నాకు శిఖరాలకన్నా వాటి పైనున్న గడ్డి నచ్చింది. సేజ్ క్రీక్ అనేచోట కంకరరోడ్డు మీద ప్రెయిరీ డాగులను చూశాం. పేరులో కుక్క ఉంది గాని అది ఉడుత జాతి. బొరియ మీద నిలబడి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టినట్టుంటుంది. మా మనవడు కూడా తిరిగి నమస్కారం పెట్టాడు. వీటిని తిని బతికే నల్లకాళ్ల ఫెర్రెట్ అనే ముంగిసవంటి జంతువు అంతరించిపోయిందనుకొన్నారు. 1981లో వయోమింగ్‌లో ఒక రైతు కుక్క ఒకదాన్ని చంపి ఇంటికి తెచ్చింది. దానితో వెతికి, జబ్బుల వల్ల తగ్గిపోగా చివరకు మిగిలిన 18 జంతువులను పట్టి పెంచారు. 1994 నుంచి బ్యాడ్‌లాండ్స్‌లో వదిలారు. అది రాత్రిపూట తిరుగుతుంది కనుక మాకు కనబడలేదు.

బైసన్‌లు మాత్రం కనిపించాయి. మన అడవిదున్నకు దూరపు చుట్టం. మూపు గోపురంలా ఉంటుంది. నూరు గజాల దూరం పాటించాలని నియమం. ఒక మంద రోడ్డుకు అడ్డంగా నిలిచింది, అరగంట కారు ఆపుకొని కూర్చున్నాం. 1800 ప్రాంతంలో ఈ మైదానాల్లో మూడు కోట్లు ఉండేవని ఒక అంచనా. ఆ శతాబ్దం ముగిసేసరికి వెయ్యి కూడా లేవు. తోళ్లకోసం చంపారు. రైలు కిటికీలనుంచి సరదాకు కాల్చారు. దాని మీదే బతికే జాతులు దారికి వస్తాయని కొందరు అధికారులు సంతోషించారు కూడా. తర్వాత దగ్గర్లోని విండ్ కేవ్ జాతీయ ఉద్యానానికి 1913లో 14 బైసన్‌లను తెచ్చి వదిలారు. ఎక్కడనుంచి? న్యూయార్కు జంతుప్రదర్శనశాల నుంచి, రైల్లో! లక్షలుగా తిరిగిన గడ్డికి, నగరం బోనులో పెరిగినవాటిని తెచ్చుకోవలసి వచ్చింది. 1916లో యెల్లోస్టోన్ నుంచి మరో ఆరు వచ్చాయి. విండ్ కేవ్ ఒక గుహ. తమ పూర్వీకులు ఆ గుహలోంచే భూమి మీదికి వచ్చారని లకోటా ప్రజల నమ్మకం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మన ఉద్యోగంలో పట్టా ఇచ్చేముందు చూసే మొదటి అంశం, ఆ భూమి ప్రభుత్వానిదేనా అని. ఈ 27 కోట్ల ఎకరాలు ప్రభుత్వానికి ఎలా వచ్చాయి?

1868లో ఫోర్ట్ లారమీ ఒడంబడికలో, ఇప్పటి దక్షిణ డకోటాలో మిస్సోరీ నదికి పడమట ఉన్న నేలంతా సూ జాతులదని అమెరికా ప్రభుత్వం సంతకం చేసింది. లకోటాలు ఆ సూ జాతులలో ఒకరు. వయోజన పురుషుల్లో నాలుగింట మూడువంతుల సంతకాలు లేకుండా ఒక్క ముక్క కూడా తీసుకోరాదని అందులో షరతు. 1874లో బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం కనబడింది. 1877లో ఆ కొండలను తీసుకొన్నారు. సంతకాలు పదోవంతు కూడా దాటలేదు. 1889లో మిగిలినదాన్ని ముక్కలు చేసి 90 లక్షల ఎకరాలను సెటిలర్లకు తెరిచారు. 1890 డిసెంబరు 29న బ్యాడ్‌లాండ్స్‌కు దక్షిణాన ఉన్న వూండెడ్ నీ దగ్గర సైన్యం కాల్పుల్లో ఆడవాళ్లూ పిల్లలతో సహా రెండువందల యాభైమందికి పైగా చనిపోయారు.

1887లో మరొక చట్టం వచ్చింది. మూలవాసుల ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచి, పట్టాను పాతికేళ్లపాటు ప్రభుత్వ సంరక్షణలో ఉంచాలన్నారు, అమ్ముకోకుండా. ఇది చదువుతుంటే మన 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం గుర్తుకొచ్చింది. కాని మన చట్టం పేదవాడికి ఇచ్చినదాన్ని కాపాడటానికి. అక్కడ పంచగా మిగిలిందాన్ని "మిగులు" అని బయటివాళ్లకిచ్చారు. 1906లో గడువుకు ముందే అమ్ముకొనే వీలు కూడా కల్పించారు. 1887లో వాళ్లచేతిలో 13 కోట్ల 80 లక్షల ఎకరాలుండేవి. 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలు మిగిలాయి.

బ్యాడ్‌లాండ్స్ ఉద్యానం దక్షిణ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లోది. 1942లో యుద్ధశాఖ అక్కడ సుమారు 3,40,000 ఎకరాలను విమానాల బాంబు అభ్యాసానికి స్వాధీనం చేసుకొంది. సుమారు 125 కుటుంబాలను ఖాళీ చేయించారు. గడ్డి కోసుకొంటున్నవాళ్లు విమానం చప్పుడు వినగానే ట్రాక్టరు కిందికి దూరేవారని ఉద్యానంవారే రాసిపెట్టారు. అలా లేచిపోయినవారిలో డ్యూయీ బియర్డ్ అనే పెద్దాయన ఉన్నాడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం చూసినవాడు. వూండెడ్ నీలో తల్లిదండ్రులనూ భార్యనూ పోగొట్టుకొని, తాను గాయాలతో బతికినవాడు. 1907లో తనకు ప్రభుత్వమే కేటాయించిన 908 ఎకరాల్లో గుర్రాలు పెంచుకొంటున్నాడు. ఇచ్చిన పరిహారంతో మరోచోట భూమి కొనే పరిస్థితి లేదు. 1955లో, తొంభై ఏళ్లు పైబడ్డాక, కాంగ్రెసు విచారణలో సాక్ష్యం చెప్పి ఆ ఏడాదే కన్నుమూశాడు. మనలో ఎంతోమంది భూసేకరణ ఫైళ్లు చూశాం. ఒకే మనిషి పేరు ఇన్నిసార్లు నష్టపోయిన కాలమ్‌లో రావడం నేను చూడలేదు.

1968 చట్టంతో ఆ భూమి మళ్లీ తెగవారి పేరిటికి చేరే ఏర్పాటు జరిగింది. 1976 ఒప్పందం ప్రకారం ఉద్యానంవారూ తెగవారూ కలిసి చూసుకొంటున్నారు. పేలని బాంబులు నేలలో ఉండవచ్చు కనుక ఏదైనా కనబడితే ముట్టుకోవద్దని హెచ్చరిక ఉంది. బ్లాక్ హిల్స్ సంగతి సుప్రీంకోర్టుదాకా పోయింది. 1980లో కోర్టు అది అన్యాయంగా తీసుకొన్నదేనని నిర్ణయించి, వడ్డీతో సహా పది కోట్ల అరవై లక్షల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పింది. సూ జాతులు ఆ డబ్బు ముట్టుకోలేదు. కొండలు అమ్మలేదు కనుక ధర తీసుకోమన్నారు. ఆ సొమ్ము వడ్డీలతో వంద కోట్ల డాలర్లు దాటి ఖజానాలోనే పడి ఉంది. పైన్ రిడ్జ్ ఆ దేశంలోకెల్లా బీద ప్రాంతాల్లో ఒకటి. డి.ఏ. బకాయి రెండు వాయిదాలు ఆలస్యమైతే మెమొరాండం పట్టుకొని తిరిగే మనకు ఈ పట్టుదల అర్థం కావడం కొంచెం కష్టమే. నేనైతే తీసుకొని ఉండేవాణ్ణేమో.

ఆ సాయంత్రం సేజ్ క్రీక్ దగ్గర కూర్చున్నప్పుడు మా మనవడు, "తాతయ్యా, ఇదంతా ఎవరి ల్యాండ్?" అని అడిగాడు. మన అడంగల్‌లో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉంటాయని వాడికి వివరించబోయాను. రెండో నిమిషానికే వాడు ప్రెయిరీ డాగుల వైపు పరుగెత్తాడు. నేను మాత్రం అక్కడే కూర్చుని ఒక పాత ఫైలు తలుచుకొన్నాను. దాన్ని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

1976లో కర్నూలు జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇరవై సూత్రాల కార్యక్రమం కింద భూమిలేని పేదలకు పంపిణీ జోరుగా సాగుతోంది. ఒక గ్రామంలో రెండువందల ఎకరాలకు పైగా బంజరు ఉంది. ప్రతిపాదన నేనే తయారుచేశాను. భూమి ప్రస్తుత స్థితి అనే కాలమ్ దగ్గర "బీడుగా ఉన్నది, సాగుకు యోగ్యము, అభ్యంతరములు లేవు" అని రాశాను. నిజానికి అభ్యంతరం వచ్చింది. గొర్రెలు కాసుకొనే ముసలాయన ఒకడు వేలిముద్ర వేసిన కాగితం పట్టుకొచ్చాడు. "అది బీడు కాదు సామీ, మా మేత. అందులో బట్టమేక పిట్టలు కూడా గుడ్లు పెడతాయి" అన్నాడు. పిట్టల గుడ్లు ఏ రూలు కిందికి వస్తాయని నాకు నవ్వొచ్చింది. ఆ అర్జీకి ఎల్.డిస్. వేశాను. ఎల్.డిస్. కాగితాలు ఏడాదికి ఏమవుతాయో మీకు తెలుసు.

పేదలకు పట్టాలు ఇచ్చినందుకు నాకు విచారం లేదు. ఆ ఊళ్లో ఆ రోజు పట్టా కాగితం కళ్లకద్దుకొన్నవాళ్లను చూశాను. ఆ కాలమ్‌లో గడ్డి ఉందని రాయనందుకే బాధ. రాస్తే మాత్రం ఎవరు చదివేవారు అనుకోవచ్చు. పావెల్ రాసింది చదవలేదు కదా. అయినా ఆయన రాశాడు. అదే జిల్లాలో కొన్నేళ్లకు రోళ్లపాడు గడ్డిమైదానంలో బట్టమేక పిట్టల సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడా ప్రాంతం నంద్యాల జిల్లాలో ఉంది. దేశం మొత్తంలో ఆ పిట్టలు నూట యాభైకి మించి లేవంటారు. రోళ్లపాడులో అది కంటబడటం గగనమైపోయింది.

అమెరికా నుంచి తిరిగివచ్చి, లైఫ్ సర్టిఫికెట్ పనిమీద వెళ్లినప్పుడు, ఆ తాలూకాలో నాతో పనిచేసిన మిత్రుణ్ణి ఆ ఊరి బంజరు సంగతి అడిగాను. ఆయన ఊరు ఆ పక్కనే. కొంత సాగులో ఉందనీ, శనగ వేస్తున్నారనీ, నాలుగైదేళ్లకొకసారి పండుతుందనీ చెప్పాడు. చాలా పట్టాలు చట్టానికి విరుద్ధంగానే చేతులు మారాయట. గొర్రెలవాళ్లేమయ్యారని అడిగితే, ఆ ముసలాయన మనవళ్లు ఇద్దరున్నారనీ, ఎండాకాలం మందను తోలుకొని రోడ్డు వెంట మేపుకొంటూ తుంగభద్ర కాలవ దాకా పోతున్నారనీ అన్నాడు.